తూకం తగ్గిన ఆదివారాలు

ఏదో తేడాగా ఉందని నాకు అనిపించాల్సిన రోజు ఒక ఆదివారం. ఆ రోజు నాకు తేడా ఏమీ అనిపించలేదు సరికదా, చంకలు గుద్దుకున్నాను. మా అమ్మాయి హారిక మా కొట్లో కాటా ఎక్కింది. కిందటి ఆదివారం నలభై తొమ్మిది కిలోలున్న పిల్ల ఆ రోజు నలభై ఆరున్నర తూగింది. వారంలో రెండున్నర కిలోలు. నేను ఫోన్ తీసి కాటా మీద కనబడుతున్న అంకెని ఫొటో తీసి మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో బొటనవేళ్లూ చప్పట్లూ వచ్చిపడ్డాయి. హారిక కాటా దిగి గోడకి చేరగిలబడి, కాళ్లు లాగుతున్నాయి నాన్నా అంది. కొవ్వు కరిగేటప్పుడు అట్టాగే ఉంటదమ్మా అన్నాను, నాకేదో పెద్ద తెలిసినట్టు.

మాది గురజాల. చుట్టుపక్కల ఊళ్లలో రైతుల దగ్గర మిర్చి, పత్తి కొని గుంటూరు తోలడం నా వ్యాపారం. ఇంటి ముందు గదే మా కొట్టు. ఇరవై ఏళ్లుగా తూకమే నా బతుకు. బస్తాని కాస్త కదిలించి చూస్తే చాలు, బరువెంతో కిలో అటూ ఇటూగా చెప్పేస్తాను. ఎండు కాయ గుప్పిట్లో పట్టుకుంటే అందులో ఇంకా ఎంత నీరుందో తెలిసిపోతుంది. నిలవ ఉంచిన సరుకు బరువు తగ్గితే దాన్ని తరుగు అంటాం. ఇంత తరుగు ఎందుకొచ్చిందని మనుషుల్ని నిలబెట్టి అడిగిన రోజులున్నాయి. కన్నకూతురు వారం వారం తరిగిపోతుంటే మాత్రం ఎందుకని ఎవరినీ అడగలేదు.

మా ఇంట్లో నలుగురం. నేను, నా భార్య సుజాత, మా అమ్మ, హారిక. ఒక్కతే కూతురు కావడంతో మా అమ్మ దాని కంచం ఖాళీ కానిచ్చేది కాదు. పొద్దున ఇడ్లీలో నెయ్యి, మధ్యాహ్నం ముద్దపప్పులో నెయ్యి, సాయంత్రం బడి నుంచి రాగానే జంతికలో, బెల్లం పాకం పట్టిన వేరుశెనగ ఉండలో. అయిదో తరగతికే పిల్ల బొద్దుగా తయారైంది. మిర్చి బస్తాని మా వ్యాపారంలో టిక్కీ అంటాం. నలభై కిలోలు, కొంచెం పైన ఉంటుంది. నేను ముద్దుగా దాన్ని టిక్కీ అని పిలిచేవాణ్ణి. కొట్లో పదిమంది రైతులున్నా సరే, 'మా టిక్కీ వచ్చింది' అనేవాణ్ణి. వాళ్లు నవ్వేవారు. మొదట్లో పిల్ల కూడా నవ్వేది. ఎప్పటి నుంచి నవ్వడం మానేసిందో నేను గమనించలేదు.

ఏడో తరగతిలో స్కూల్లో హెల్త్ క్యాంప్ పెట్టి, ఓవర్‌వెయిట్, పిల్లల డాక్టర్ని కలవండి అని కార్డు మీద రాసి పంపారు. అప్పుడు హారిక యాభై ఆరు కిలోలు. ఆ వేసవిలోనే దానికి ఓణీల ఫంక్షన్ చేద్దామని అనుకుంటున్నాం. మా దాయాదుల ఇంట్లో పెళ్లిలో ఒకావిడ నవ్వుతూ, మీ పిల్లకి రెండు ఓణీలు కలిపి కుట్టించాలేమో అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఫొటోలు తీస్తారు, ఊరంతా ఫ్లెక్సీలు కడతారు, నా కూతురు సన్నగా కనబడాలి. నాకు పట్టుకున్న పిచ్చి అదే. కార్డు మీద రాసినట్టు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. బరువు సంగతి నాకు తెలిసినంతగా డాక్టరుకేం తెలుసు అనుకున్నాను. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి నేనే రంగంలోకి దిగాను.

శాంపిల్ కాయలు తూచే చిన్న కాటా ఒకటి కొట్లో ఉండేది. దాన్ని తుడిచి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. హారిక అన్నం దాని మీద తూచి పెట్టాలి. పూటకి నూట యాభై గ్రాములు, నెయ్యి లేదు, పప్పు పలచన, మిగతా కడుపు దోసకాయ ముక్కలతో నింపాలి. రోజుకి మూడు సీసాల గోరువెచ్చని నీళ్లు తాగాలి. మేము తింటుంటే చూసి ఆశపడుతుందని పిల్లని ముందే ఒక్కదాన్నే కూచోబెట్టి పెట్టేవాళ్లం. అంతకుముందు మా ఇంట్లో రాత్రి భోజనం అంటే నలుగురం కలిసి కూచుని ఆ రోజు కబుర్లన్నీ చెప్పుకోవడం. ఆ అలవాటు మూడు రోజుల్లో పోయింది. ప్రతి ఆదివారం పొద్దున కొట్లో పెద్ద కాటా మీద తూకం. నలభై రెండుకి దిగితే కొత్త సైకిల్ కొనిస్తానన్నాను.

మొదటి రెండు నెలల్లో కష్టపడి నాలుగు కిలోలు తగ్గింది. తర్వాత రెండు వారాలు కాటా మీద అంకె కదల్లేదు. దొంగచాటుగా తింటున్నావా అని అడిగాను. లేదని ఏడ్చింది. ఆ తర్వాత, సరిగ్గా ఎండలు ముదిరేటప్పటికి, బరువు దానంతటదే జారడం మొదలైంది. యాభై రెండు, యాభై ఒకటి, నలభై తొమ్మిది. నా పద్ధతి పనిచేస్తోందని ఊరంతా చెప్పుకున్నాను. కొట్టుకొచ్చిన ఆడవాళ్లు సుజాతని అడిగి అన్నం కొలత రాసుకుని పోయారు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ప్రతీదీ కళ్లకి కట్టినట్టు కనబడుతుంది. పిల్ల రోజుకి మూడు కాదు, ఏడెనిమిది సీసాల నీళ్లు తాగేది. చెప్పిన మాట వింటోందని మురిసిపోయాను. క్లాసులో గంటకోసారి బయటికి వెళ్తానంటోందని టీచర్ ఫోన్ చేశారు. నీళ్లు బాగా తాగుతోంది మేడమ్, అందుకే అని సుజాత చెప్పింది. బాత్రూమ్ గట్టు మీద చీమలు బారులు తీరేవి. సుజాత రెండు పూటలా ఫినాయిల్ పోసి కడిగేది, మళ్లీ వచ్చేవి. బోర్డు మీద అక్షరాలు మసకగా ఉన్నాయంటే, ఫోన్ ఎక్కువ చూస్తున్నావు అన్నాను. దేనికదే చూశాం. అన్నీ కలిపి ఒక్కసారి కూడా చూడలేదు.

మా అమ్మ ఒక్కతే చూసింది. ఒక మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, "పిల్ల ఆకలి ఆకలంటందిరా. తిన్న గంటకే మళ్లీ ఆకలంటంది. నీ కాటా సంగతి తర్వాత, ముందు దాని మొహం చూడు" అంది. నువ్వే గారాబం చేసి దాన్ని ఇట్టా తయారు చేశావు, ఇక నువ్వు మాట్లాడొద్దు అని కసిరాను. మా అమ్మని నేను అంత మాట అనడం అదే మొదలు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత రెండు రోజులకి జరిగింది నేను రాయకుండా దాటేద్దామనుకున్నాను. రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. భోజనం అయిన గంటకి ఏదో కావాలని వంటింట్లోకి వెళ్లాను. గ్యాస్ బండ పక్కన నేల మీద కూచుని హారిక అన్నం తింటోంది. మా అమ్మ పెట్టింది. పెరుగన్నం, ఆవకాయ. గబగబా, నమలకుండా మింగుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. నేను కంచం లాగేసుకున్నాను. దాని చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆ ముద్ద నోట్లో పెట్టుకోవాలో కంచంలో వేయాలో తెలియక నా మొహం వంక చూసింది. చివరికి కంచంలో వేసింది. అప్పటికే ఆ పిల్ల ఒంట్లోకి ఒక్క మెతుకు కూడా ఇంకడం లేదని నాకు తెలియదు. తెలియదు అన్నది నిజమే కానీ, ఆ నిజం నాకు ఇప్పటికీ ఏ రకంగానూ పనికిరాలేదు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం నలభై మూడు తూగింది. ఇంకొక్క కిలో నాన్నా అంది. నవ్వడానికి ప్రయత్నించింది. పెదాలు ఎండిపోయి పగిలి ఉన్నాయి. నేను ఫొటో తీసి గ్రూపులో పెట్టాను.

సోమవారం పొద్దున లేవగానే వాంతులు. కడుపునొప్పి అని మెలికలు తిరిగింది. పది గంటలకల్లా పరుగెత్తి వచ్చినట్టు పెద్ద పెద్ద ఊపిర్లు తీయడం మొదలుపెట్టింది. మా వీధిలో ఆర్ఎంపీ డాక్టరుగారు ఉన్నారు. మా నాన్న కాలం నుంచి మా ఇంటి మనిషే. ఆయన్ని పిలిపించాను. ఎండ దెబ్బ, దానికి తోడు పస్తులు, నీరసం అన్నారు. పెద్దాసుపత్రిలో చూపిస్తే మంచిదేమో అని కూడా ఒక మాట అన్నారు. ముందు గ్లూకోజ్ ఎక్కించండి, తేరుకుంటది అన్నది నేనే. మా వైపు ఎవరు నీరసపడ్డా మొదట చేసే పని అదే. మిరప కోతల్లో కూలీలు కళ్లు తిరిగి పడితే గ్లూకోజ్ బాటిలే. ముసలివాళ్లు రెండు రోజులు తినకపోయినా గ్లూకోజ్ బాటిలే. కిటికీ ఊచకి బాటిల్ వేలాడదీస్తే ఇంటిల్లిపాదికీ ధైర్యం వస్తుంది. ఆ రోజు నాకూ వచ్చింది.

ఒక బాటిల్ అయిపోయింది. తేరుకోలేదు. ఇంకొకటి పెట్టమన్నాను. అది సగం కాకముందే సుజాత పిలిస్తే పలకడం మానేసింది. దాని ఊపిరి బాగా మాగిపోయిన పండు వాసన వేస్తోంది. మా అమ్మ దాని మొహం మీదికి వంగి వాసన చూసి, ఇది ఎండ దెబ్బ కాదురా అంది. ఆర్ఎంపీగారు బాటిల్ ఆపేసి, కారు తీయండి అన్నారు. ఆయన్ని నేను ఒక్క మాట కూడా అనను. పెద్దాసుపత్రి మాట ఎత్తిన మనిషి చేత బాటిల్ పెట్టించింది నేను.

పిడుగురాళ్లలో మొదట కనబడిన ఆసుపత్రి ముందు కారు ఆపాం. నర్సు పిల్ల వేలి మీద సూదితో గుచ్చి ఒక రక్తపు చుక్కని చిన్న మిషన్‌కి అంటించింది. ఆ మిషన్‌లో అంకె రాలేదు. మిషన్ చూపించగలిగిన దానికంటే షుగర్ ఎక్కువ ఉంటే అంకె రాదని ఆమె చెప్పింది. జీవితమంతా అంకెలు చదివినవాణ్ణి, ఇంకోసారి గుచ్చి చూడమన్నాను. ఏమైనా ఎక్కించారా అని డాక్టర్ అడిగారు. గ్లూకోజ్ అన్నాను. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. వెంటనే గ్లూకోజ్ లేని మామూలు సెలైన్ మొదలుపెట్టి, ఆంబులెన్స్‌లో నరసరావుపేట పిల్లల ఆసుపత్రికి పంపించారు.

అక్కడ ఐసీయూలో చూసిన డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. మాట నెమ్మది. టైప్ 1 డయాబెటిస్ అంది. ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే కణాలు దెబ్బతిన్నాయి, ఇన్సులిన్ లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు, ఒళ్లు తన కొవ్వునీ కండనీ తనే కరిగించుకుంటుంది, అదే ముదిరి రక్తం ఆమ్లంగా మారింది, దాన్నే డీకేఏ అంటాం అని చెప్పింది. ఇన్సులిన్ డ్రిప్ పెట్టాం, గంటగంటకీ షుగర్, పొటాషియం చూస్తాం, మెదడులో వాపు వచ్చే ప్రమాదం ఉంది, రెండు రోజులు గడిస్తే గాని ఏమీ చెప్పలేను అంది. మా వంశంలో ఎవరికీ షుగర్ లేదే, చిన్నపిల్లకి షుగరేంది అని సుజాత అడిగింది. ఎక్కువగా చిన్నపిల్లలకే వచ్చే షుగర్ అమ్మా ఇది అని ఆవిడ చెప్పింది.

బరువు ఎప్పటి నుంచి తగ్గుతోందని అడిగింది. నేను ఫోన్ తీసిచ్చాను. వాట్సాప్ గ్రూపులో ఒక్కో ఆదివారం ఒక్కో ఫొటో. ఆవిడ వేలితో పైకి తోస్తూ ఒక్కొక్కటీ చూసింది. ప్రతి ఫొటో కిందా చప్పట్లు, దండలు, 'సూపర్ బావా' అని మాటలు. చివరిదాకా చూసి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఇంత వివరంగా హిస్టరీ రాసుకొచ్చిన తండ్రిని నేను చూడలేదండీ. ఒక్క వారమైనా అనుమానం రాలేదా?"

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రెండు రోజులు ఐసీయూ గాజు తలుపు బయట కూచున్నాం. లోపలికి ఒక్కొక్కరినే పంపేవారు. పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయి. నిన్నటి దాకా అవే చేతుల్ని చూసి నేను సంతోషించాను. చేతులు మారలేదు, చూసే నా కళ్లే మారాయి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పన్నెండేళ్ల పిల్ల అంత తేలిగ్గా మంచం మీద పడుంటే, నేను కోరుకున్నది ఇదే కదా అని లోపల ఎవరో అన్నట్టుండేది. మూడో రోజు పొద్దున కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఆ మధ్యాహ్నం ఆకలేస్తోందంది. మా అమ్మ గాజు తలుపుకి అవతల నుంచే చేతులు జోడించింది.

డిశ్చార్జ్ రోజు డాక్టరమ్మని అడిగాను, నేను కడుపు మాడ్చినందుకే వచ్చిందా అని. కాదంది. మీరు ఏం పెట్టినా, పెట్టకపోయినా వచ్చేదే. జబ్బు మీ వల్ల రాలేదు, ఆలస్యం మాత్రం మీ వల్లే జరిగింది అంది. ఆ మాటని నేను ఎన్నిసార్లు తూచి చూసుకున్నానో లెక్కలేదు. కాటా ఎప్పుడూ రెండో సగం వైపే మొగ్గుతుంది.

ఇంటికొచ్చాక రోజుకి నాలుగు ఇంజక్షన్లు. మూడు భోజనాలకి ముందు మూడు, రాత్రికి ఒకటి. తినే అన్నాన్ని బట్టి ఇన్సులిన్ డోసు. అందుకని డైటీషియన్ అన్నం తూచి పెట్టమంది. ఎంతైనా తిననివ్వండి, కానీ ఎంత తింటోందో తెలియాలి అంది. మొదటి రోజు మధ్యాహ్నం సుజాత ఏమీ ఆలోచించకుండా ఆ చిన్న కాటా తెచ్చి బల్ల మీద పెట్టింది. హారిక కుర్చీలోంచి లేచి నిలబడింది. వెనక్కి వెనక్కి వెళ్లి ఫ్రిజ్‌కి ఆనుకుని, నాకు ఆకలి లేదు, నిజంగా లేదు అని ఏడుపు. ఊపిరాడనంత ఏడుపు. నేను ఆ కాటా తీసుకెళ్లి కొట్లో పెట్టేశాను. డైటీషియన్‌కి ఫోన్ చేస్తే, గరిటె కొలత పెట్టుకోండి అంది. అన్నానికి ఒక గరిటె ఖాయం చేసుకున్నాం. గరిటెకి ఇంత ఇన్సులిన్ అని. ఎన్ని గరిటెలనేది పిల్ల ఇష్టం.

మూడు నెలల్లో ఎనిమిది కిలోలు పెరిగింది. ఇది రికవరీ, దీన్ని ఒళ్లు చేయడం అనకండి అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇంట్లో మేము అనలేదు. ఊరి నోరు ఎవరు మూస్తారు? ఏమే, మళ్లీ బాగా అయ్యావే అని పలకరించేవాళ్లు. ఓణీల ఫంక్షన్ ఏడాది వాయిదా వేసి సాదాగా చేశాం. ఆ ఫొటోల్లో పిల్ల ప్రతిదానిలోనూ ఎవరో ఒకరి వెనక నిలబడి ఉంటుంది.

అంతా గాడిన పడిందనుకున్నాం. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఇంజక్షన్లు తనే చేసుకునేది, గది తలుపు వేసుకుని. పెద్దదవుతోంది, సిగ్గు అనుకున్నాం. మళ్లీ కొంచెం సన్నబడింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఎనిమిది ఉండేది పదకొండు దాటింది. డోసు సరిపోవడం లేదా, అసలు వేసుకోవడం లేదా చూడండి అని డాక్టరమ్మ నాతో విడిగా అంది. ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెన్నులు చూశాను. భోజనానికి ముందు వేసుకునే పెన్నులో మూడు వందల యూనిట్లుంటాయి. రోజుకి ఇరవై నాలుగు యూనిట్లు. పన్నెండు రోజుల్లో అయిపోవాలి. నెల కిందట కొన్న రెండు పెన్నుల్లో ఒకటి సీల్ కూడా విప్పలేదు. సరుకు తగ్గితే కనిపెట్టడం నా వృత్తి. ఈసారి తగ్గాల్సింది తగ్గలేదని కనిపెట్టాను.

పెన్ను పట్టుకుని దాని గదిలోకి వెళ్లాను. అరవకూడదని మెట్ల మీదే ఒట్టు పెట్టుకున్నాను. ఎందుకమ్మా అని మాత్రం అడిగాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇది వేసుకోకపోతే తగ్గుతా నాన్నా. అప్పుడు తగ్గినప్పుడు నువ్వు చానా సంతోషంగా ఉన్నావు. ఫొటోలు కూడా పెట్టావుగా అందరికీ."

మంచం అంచున కూచున్నాను. ఐసీయూ బయట కూడా నాకు అంత భయం వేయలేదు. అప్పుడు పిల్లని జబ్బు తీసుకుపోతుందేమో అనుకున్నాను. ఇప్పుడు పిల్ల తనంతట తనే వెళ్లిపోతోంది, అదీ నన్ను సంతోషపెట్టడానికి.

మా ఇళ్లలో తండ్రులు పిల్లలకి తప్పయిందని చెప్పరు. నాకు ఆ మాట ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. అప్పుడు నాకు బుద్ధి లేదమ్మా, నువ్వు చచ్చిపోతుంటే చప్పట్లు కొట్టాను అన్నాను. ఏడ్చాను. అది నా భుజం మీద చెయ్యి వేసి, ఊరుకో నాన్నా అంది. నన్ను అది ఊరడించాల్సి వచ్చింది. దానికీ సిగ్గుపడ్డాను.

మర్నాడే నరసరావుపేట తీసుకెళ్లాం. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పంపి అరగంట దానితో మాట్లాడింది. గుంటూరులో ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపింది. ఆరు నెలలు, పదిహేను రోజులకోసారి వెళ్లాం. మధ్యలో ఒకసారి మళ్లీ మానేసి, షుగర్ పెరిగి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఒక్క దెబ్బకి బాగుపడే వ్యవహారం కాదిది అని కౌన్సెలర్ ముందే చెప్పింది. నేను చేయగలిగింది నేను చేశాను. బంధువుల గ్రూపులో రాశాను: ఆ రోజుల్లో మా పిల్ల తగ్గింది జబ్బుతో, నేను పెట్టిన ఫొటోలు మీ ఫోన్లలో ఉంటే తీసేయండి, ఇక మీదట దాని ఒంటి గురించి నా ముందు గానీ దాని ముందు గానీ ఎవరూ మాట్లాడొద్దు. ఒకాయనకి కోపం వచ్చి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. శుభం అనుకున్నాను. ఆ ఫొటోలు ఎంతమంది తీసేశారో తెలియదు. ఎవరో ఒకరి ఫోన్లో ఆ నలభై మూడు ఇంకా ఉంటుంది.

హారిక ఇప్పుడు పదో తరగతి. కిందటి నెల హెచ్‌బీఏ1సీ ఏడున్నర. బరువు ఆసుపత్రిలోనే చూస్తారు, డాక్టరమ్మ గదిలో. నేను బయట కూచుంటాను, ఎంతని అడగను. రాత్రి ఎనిమిదికి నలుగురం బల్ల దగ్గర చేరతాం. అది వేలు గుచ్చుకుని షుగర్ చూసుకుంటుంది, ఎన్ని గరిటెలో చెప్పి మా ముందే పొట్ట మీద ఇంజక్షన్ చేసుకుంటుంది. మా అమ్మ వడ్డిస్తుంది. కబుర్లు చెప్పుకుంటాం. అప్పుడప్పుడు అది ఇంకో గరిటె అడుగుతుంది. అప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం తనంతట తనే బిగుసుకుంటుంది, కంచం వైపు కదలబోయినట్టు. ఎవరూ చూడరు. నాకు తెలుస్తుంది. ఆ చేతిని బల్ల కింద పెట్టుకుని కూచుంటాను.

చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. పిల్లలు ఎక్కువ నీళ్లు తాగుతూ, మాటిమాటికీ ఒంటికి పోతూ, బరువు తగ్గుతున్నారంటే, వాళ్లు ఎంత లావుగా ఉన్నవాళ్లైనా సరే, మీరు డైటింగ్ చేయిస్తున్నా సరే, ఆ రోజే వేలు గుచ్చి షుగర్ చూపించండి. మీ ఊళ్లో ఏ ల్యాబ్‌లో అయినా చూస్తారు. చూపించకుండా గ్లూకోజ్ బాటిల్ మాత్రం పెట్టించకండి. మా కొట్టుకి వచ్చిన రైతులకి కూడా ఇదే చెబుతున్నాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు.

ఇదంతా రాసి, పత్రికకి పంపేముందు హారికకి చదవమని ఇచ్చాను. దాని గురించి రాశాను కాబట్టి దాని అనుమతి కావాలి. నిదానంగా రెండుసార్లు చదివింది. అన్నీ ఉన్నాయి గానీ ఒకటి రాయలేదు అంది. ఏమిటని అడిగాను.

"అప్పుడు నీళ్లు అన్ని తాగింది దాహానికే కాదు నాన్నా. ఆకలేస్తే నీకు చెప్పలేక కూడా తాగేదాన్ని. అది కూడా రాయి."

రాశాను.